కుంకుమపువ్వులో పువ్వునే పారేస్తున్నారు. ఆ ఊదా రేకులు తినవచ్చా, దాచుకోవచ్చా?

లలిత (శ్రీనగర్) అడిగిన ప్రశ్న

అందరికీ నమస్కారం. మాది తెనాలి. మావారి ఉద్యోగరీత్యా మూడేళ్లుగా శ్రీనగర్‌లో ఉంటున్నాం. పది రోజులుగా ఒక విషయం మనసులో మెదులుతూనే ఉంది. తెలిసినవాళ్లు ఎవరైనా చెబుతారని కాస్త వివరంగా రాస్తున్నాను.

అక్టోబరు చివరి వారంలో పాంపోర్ వెళ్లాం. జమ్మూ వెళ్లే రహదారి మీద ఇక్కడి నుంచి పదిహేను కిలోమీటర్ల లోపే ఉంటుంది. మావారితో కలిసి పనిచేసే ఒకాయనకు అక్కడ కుంకుమపువ్వు పొలం ఉంది. ఎండ ముదరకముందే పూలు కోసేయాలన్నారని చీకటితోనే బయలుదేరాం. చూస్తే చెట్టూ చేమా లేని మెట్టనేల. దాన్నే కరేవా అంటారు. ఆ మట్టికి అంటుకున్నట్టుగా జానెడు ఎత్తు కూడా లేని ఊదారంగు పూలు కనుచూపు మేర పరుచుకుని ఉన్నాయి. ఆకు పూర్తిగా పైకి రాకముందే పువ్వు వచ్చేస్తుంది. నడుం వంచి, గోటితో తుంచి, బుట్టలో వేసుకోవాలి. గంటసేపు కోశాను. నా బుట్టలో అడుగుభాగం మాత్రమే నిండింది. నా పక్కనే కోస్తున్న ఎనిమిదేళ్ల పిల్ల అప్పటికి రెండు బుట్టలు నింపేసింది.

అసలు పని ఇంటికి వచ్చాక మొదలైంది. నేల మీద దుప్పటి పరిచి పూలన్నీ గుట్టగా పోశారు. చుట్టూ ఆరుగురు ఆడవాళ్లు, ఇద్దరు ముసలివాళ్లు ఫెరన్లు అనే పొడవాటి వదులు అంగీల లోపల కాంగ్డీలు, అంటే నిప్పుల కుంపట్లు, పెట్టుకుని కూర్చున్నారు. ఒక్కో పువ్వును విప్పి, మూడు ఎర్రటి పోగులను లాగి పళ్లెంలో వేస్తారు. మనం కుంకుమపువ్వు అని కొనేది ఆ పోగులనే. పుప్పొడి ఉండే పసుపుపచ్చ కేసరాలు మూడూ, ఊదా రేకులు ఆరూ పక్కకు పోతాయి. ఇంటావిడ చేతివేళ్లు చూశాను. గోళ్ల చివర నీలం, వేళ్ల సందుల్లో పసుపుపచ్చ పుప్పొడి. సాయంత్రానికి పళ్లెంలోని ఎరుపు ఒక దోసిలి కూడా లేదు. రేకుల గుట్ట మాత్రం కూర్చున్నవాళ్ల మోకాళ్ల దాకా వచ్చింది.

అప్పుడు ఆవిడ లేచి ఆ దుప్పటి నాలుగు చెంగులూ ముడివేసి, పశువుల పాక వెనక్కి తీసుకెళ్లి దులిపేసింది. ఆవులు కాస్త తిన్నాయి. మిగతావి అక్కడే పడి ఉన్నాయి. అంతకుముందు రోజు పోసినవి పక్కనే నల్లబడి, కుళ్లి, ముద్దగా తయారై ఉన్నాయి. ఎందుకు పారేస్తున్నారని అడిగితే, మా అత్తగారూ ఇలాగే చేసేది అంది.

పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి మనం దాన్ని కుంకుమపువ్వు అనే పిలుస్తున్నాం. అసలు పువ్వును నేను చూసింది మొన్ననే. చూసిన రోజే దాన్ని పెంటకుప్ప మీద పోయడమూ చూశాను. నాకు చాలా బాధ కలిగింది. అడిగి ఒక రెండు కిలోల రేకులు సంచిలో తెచ్చుకున్నాను.

ఇంట్లో ఒక పిడికెడు రేకులు వేడినీళ్లలో వేస్తే నీళ్లు నీలం కలిసిన ఊదారంగుకు తిరిగాయి. మూడు గాజుగిన్నెల్లో పోశాను. ఒక దానిలో నిమ్మరసం పిండితే చక్కటి గులాబీ రంగు వచ్చింది. ఇంకో దానిలో చిటికెడు వంటసోడా వేస్తే ఆకుపచ్చగా మారింది. అరగంట తర్వాత చూస్తే ఆ ఆకుపచ్చ కాస్తా పసుపు గోధుమరంగుకు దిగిపోయింది. మూడో గిన్నె అలాగే ఉంది. మా అమ్మాయి చప్పట్లు కొట్టింది గానీ, నాకు అందులో ఏదో ఉందనిపించింది.

ఆ రేకుల్లో ఉన్నదేమిటి? ఎర్ర పోగుల్లోని గుణాలే వీటిలోనూ ఉంటాయా? తినవచ్చా? ఎలా ఎండబెట్టాలి? ఇంకా సగానికి పైగా రేకులు ఫ్రిజ్‌లో ఉన్నాయి, అంచులు నల్లబడుతున్నాయి. దయచేసి తొందరగా చెప్పండి.


జవాబు 1: రసాయనం మాస్టారు (రాజమహేంద్రవరం)

అమ్మా లలితా, ముందు ఆ ఫ్రిజ్‌లోవి బయటికి తీసి, చల్లని నీళ్లలో ఒక్కసారి ముంచి తీసి, పల్చటి గుడ్డ మీద నీడలో పరిచి, ఫ్యాను కింద పెట్టు. మిగతాది తర్వాత చదువుకోవచ్చు. నానబెట్టవద్దు, రంగు నీళ్లలోకి దిగిపోతుంది. ఎండలో పెట్టవద్దు.

పరిచావు కదా. ఇప్పుడు నీ మూడు గిన్నెల దగ్గరికి వద్దాం. ముప్పై ఒక్క ఏళ్లు డిగ్రీ కళాశాలలో సేంద్రియ రసాయనశాస్త్రం చెప్పాను. నువ్వు చేసిన ప్రయోగంలో సగం పాఠం ఉంది.

ఆ నీలం, ఆ గులాబీ ఆంథోసయనిన్లు అనే వర్ణకాలవి. పుల్లదనం తగిలితే ఎరుపు వైపుకు, క్షారం తగిలితే నీలం వైపుకు తిరుగుతాయి. కుంకుమపువ్వు రేకుల్లో ముఖ్యంగా ఉన్నది డెల్ఫినిడిన్ అనే వర్ణకం రెండు గ్లూకోజ్ అణువులతో జతకట్టిన రూపం. దానితో పాటు పెటునిడిన్, మాల్విడిన్ కూడా ఉంటాయి. ఈ పేర్లు కొత్తగా అనిపిస్తాయి గానీ సరుకు మనకు కొత్త కాదు. సరిగ్గా ఈ మూడు వర్ణకాలే, సరిగ్గా ఇలాగే రెండేసి గ్లూకోజ్‌లతో, మన నేరేడు పండులో ఉన్నాయి. చిన్నప్పుడు నాలుక చూపించుకుని ఆడుకున్నామే, ఆ ఊదారంగే ఇది. వంకాయ తొక్క రంగూ, శంఖుపువ్వు నీలమూ డెల్ఫినిడిన్ కుటుంబానివే.

మరి ఆకుపచ్చ ఎక్కడిది? ఇదే నువ్వు చూసినవాటిలో విలువైనది. రేకుల్లో రంగు కనిపించని ఇంకో జాతి పదార్థాలు ఉన్నాయి. ఫ్లేవనాల్స్ అంటారు. మామూలు నీళ్లలో వాటి ఉనికి తెలియదు. క్షారం పడగానే పసుపుగా బయటపడతాయి. ఆంథోసయనిన్ నీలమూ ఈ పసుపూ కలిస్తే ఆకుపచ్చ. అరగంటలో ఆంథోసయనిన్ క్షారానికి తట్టుకోలేక విరిగిపోయింది, పసుపు మిగిలింది. అంటే రెండు జాతుల పదార్థాలనూ ఒకే గిన్నెలో, ఒకదాని తర్వాత ఒకటి చూశావు.

ఆ ఫ్లేవనాల్స్‌లో సింహభాగం కెంప్ఫెరాల్. ఇది కూడా చక్కెరతో జతకట్టి సోఫోరోసైడ్ రూపంలో ఉంటుంది. క్వెర్సెటిన్ కొంచెం ఉంటుంది. మునగాకులో ఉన్నవీ ఈ రెండే. మొక్క వీటిని ఎండ దెబ్బ నుంచి, చీడపీడల నుంచి తనను కాపాడుకోవడానికి తయారుచేసుకుంటుంది. మన శరీరంలో కణాలను దెబ్బతీసే ఆక్సీకరణను ఇవి అడ్డుకోగలవని ప్రయోగశాలలో చాలాసార్లు తేలింది.

ఎర్ర పోగుల గుణాలే ఉంటాయా అని అడిగావు. ఉండవు. పోగుకు రంగునిచ్చేది క్రోసిన్, చేదునిచ్చేది పిక్రోక్రోసిన్, ఎండాక వాసననిచ్చేది సాఫ్రనాల్. ఇవి రేకుల్లో దాదాపు లేవు. కాబట్టి రేకులను చవకరకం కుంకుమపువ్వు అని ఎవరైనా అమ్మితే అది మోసమే. రేకు వేరే సరుకు, దాని గౌరవం దానికుంది.

ఇక వైద్యం సంగతి. ఇరాన్‌లో వైద్యులు రేకుల సారాన్ని దిగులు జబ్బు ఉన్నవాళ్లకు ఇచ్చి చూశారు. 2006లో వెలువడిన పరిశీలనలో 40 మందికి ఆరు వారాలు ఇచ్చారు. రోజుకు 30 మిల్లీగ్రాముల సారం తీసుకున్నవాళ్లు ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవాళ్ల కంటే మెరుగయ్యారు. మరుసటి ఏడాది ఇంకో 40 మందిలో ఎనిమిది వారాల పాటు, దిగులుకు వాడే ఫ్లుయోక్సెటిన్ మందుతో పోల్చి చూశారు. రెండూ ఇంచుమించు సమానంగా పనిచేశాయి. ఆశ పుట్టించే ఫలితాలే. కానీ నలభై మంది అంటే ఒక బస్సుకు సరిపడా జనం. అంత చిన్న పరీక్షలను నమ్ముకుని ఎవరూ తాము వాడుతున్న మందు మానకూడదు. పైగా వాళ్లు ఇచ్చింది కొలిచి తీసిన సారం. మనం టీలో వేసుకునే చిటికెడు రేకులకు ఆ లెక్క వర్తించదు.

తినడానికైతే శుభ్రమైన రేకులను కొద్ది మోతాదులో కహ్వా అనే కాశ్మీరీ టీలోనో అన్నంలోనో వేసుకోవచ్చు. రెండు జాగ్రత్తలు మాత్రం చెప్పాలి. కుంకుమపువ్వు మొక్క మొలిచే దుంపలకు కుళ్లు తెగులు వస్తుంది, దానికి శిలీంద్రనాశని మందులు వాడతారు. నీకు పొలం యజమాని తెలుసు కాబట్టి ఏం వాడారో అడుగు. రెండోది, పసుపుపచ్చ కేసరాలు కలవకుండా ఏరెయ్యి. పుప్పొడి పడనివాళ్లకు తుమ్ములు, ఉబ్బసం వస్తాయి. ఈ పువ్వులతో పనిచేసేవాళ్లలో ఆ బాధ ఉన్నట్టు వైద్యులు గుర్తించారు కూడా.


జవాబు 2: అన్నపూర్ణ (నల్గొండ)

లలిత గారూ, చదువుతుంటే ఆ దుప్పటి దగ్గర నేనూ కూర్చున్నట్టు ఉంది. నాదొక చిన్న సందేహం. మా కోడలికి ఇప్పుడు ఆరో నెల. రోజూ పాలలో కుంకుమపువ్వు వేసి ఇస్తున్నాను. గ్రాము ధర వందల్లో ఉంది. ఈ రేకులు తెప్పించుకుని పాలలో వేస్తే సరిపోతుందా? బిడ్డ రంగుకు ఇవి కూడా పనిచేస్తాయా?


జవాబు 3: రసాయనం మాస్టారు

అన్నపూర్ణమ్మా, వద్దు. కోడలికి రేకులు ఇవ్వవద్దు. గర్భిణులు వీటిని తీసుకోవచ్చని చెప్పగలిగినంత పరిశోధన జరగలేదు. అసలు కుంకుమపువ్వు పోగులు కూడా వంటలో వేసే రెండు మూడు పోగులకు మించకూడదు. గ్రాముల లెక్కన తింటే గర్భాశయం ముడుచుకునే ప్రమాదం ఉంది. 5 గ్రాములు దాటితే ఎవరికైనా విషమే. మీరు ఇస్తున్నది ఎంతో కోడలిని చూసే డాక్టరమ్మకు ఒక్కసారి చెప్పండి.

బిడ్డ రంగు తల్లిదండ్రుల నుంచి వస్తుంది. పాలలో ఏం కలిపినా మారదు. ఈ నమ్మకం ఎంత మంది అమ్మాయిల మనసు నొప్పించిందో మా ఇంట్లోనే చూశాను. కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను, ఏమీ అనుకోవద్దు.

ఈ సందర్భంలోనే ఇంకో మాట. చర్మంలో రంగు తయారయ్యే చర్యను నడిపే టైరోసినేజ్ అనే ఎంజైమును ఈ రేకుల్లోని కెంప్ఫెరాల్ అడ్డుకుంటుందని 1999లో ఒక పరిశోధన వచ్చింది. అందులో వాడిన ఎంజైము పుట్టగొడుగు నుంచి తీసినది, పరీక్ష జరిగింది గాజునాళికలో. దాన్ని పట్టుకుని తెల్లబరిచే క్రీములని అమ్మేవాళ్లు వస్తారు. ఆ గాజునాళికకూ మీ కోడలి కడుపులోని బిడ్డకూ ఏ సంబంధమూ లేదు.


జవాబు 4: అన్నపూర్ణ (నల్గొండ)

మంచిమాట చెప్పారు మాస్టారూ. రేపు పరీక్షకు వెళ్తున్నాం, అడుగుతాను. మా అత్తగారు నాకు ఇచ్చారు, నేను కోడలికి ఇస్తున్నాను. ఎందుకని ఎవరమూ అడగలేదు.


జవాబు 5: పెడన అద్దకం

లలిత గారూ, మాది పెడన. మూడు తరాలుగా కలంకారీ అచ్చుల అద్దకం పనిలో ఉన్నాం. మీ గిన్నెల సంగతి చదివి ఉండబట్టలేక రాస్తున్నాను.

పూల ఊదారంగును నూలుబట్ట మీద నిలబెట్టాలని మా నాన్నగారు చాలా పూలతో ప్రయత్నించారు. కరక్కాయ పెట్టిన బట్ట మీద మొదట అందంగానే పడుతుంది. రెండు ఉతుకులకు, నాలుగు ఎండలకు వెలిసిపోతుంది. మాస్టారు చెప్పిన ఆంథోసయనిన్ గుణమే అది కాబోలు. కానీ ఆయన చెప్పిన పసుపు ఉంది చూశారూ, దాని మీద నాకు ఆశ ఉంది. బంతిపూల పసుపు, దానిమ్మ తొక్క పసుపు పటికతో కలిస్తే బట్టను పట్టుకుని ఉంటాయి. రేకుల్లోనూ ఆ జాతి పసుపే ఉంటే పటికతో నిలబడాలి.

మీరున్న చోట ఊలు దొరుకుతుంది కదా. ఇలాంటి రంగులను నూలు కంటే ఊలు బాగా తాగుతుంది. ఇరాన్‌లో ఈ రేకులతో ఊలుకు రంగు వేస్తారని, పటికతో ఆకుపచ్చ ఛాయలు వస్తాయని విన్నాను. తెల్ల ఊలు పోగులు నాలుగు తీసుకుని, పటిక నీళ్లలో గంట నానబెట్టి, రేకుల నీళ్లలో సన్నసెగ మీద ఉంచి చూడండి. మరగనివ్వకండి. ఇంకో నాలుగు పోగులకు తుప్పు మేకు వేసిన నీళ్లు పట్టించండి, ముదురు ఛాయ వస్తుంది. సగం పోగులు కిటికీలో ఎండకు కట్టి, సగం పెట్టెలో దాచండి. పది రోజుల తర్వాత పక్కపక్కన పెట్టి చూస్తే నిజం తెలిసిపోతుంది.

వీలైతే ఎండిన రేకులు వంద గ్రాములు పంపండి. కరక్కాయ పెట్టిన బట్ట మీద నేను చూసి చెబుతాను. తపాలా ఖర్చు నాది.


జవాబు 6: వికారాబాద్ రైతు

మాస్టారూ, మా వైపు కుసుమ పంట ఉంది. కుసుమ పూరేకులనే రంగువేసి కుంకుమపువ్వు అని బజారులో అమ్ముతున్నారు. ఇప్పుడు ఈ ఊదా రేకులు కూడా ఎండాక అమ్మకానికి వస్తే, అసలుదో కాదో కొనేవాడికి ఎలా తెలుస్తుంది?


జవాబు 7: రసాయనం మాస్టారు

మంచి ప్రశ్న. పొడిగా ఉన్న రేకులను చూసి చెప్పడం కష్టం. నిమ్మరసం పరీక్ష ఆంథోసయనిన్ ఉందని చెబుతుంది గానీ ఏ పువ్వుదో చెప్పదు, శంఖుపువ్వు కూడా రంగు మారుతుంది. తెలిసిన పొలం నుంచి, పువ్వుగా ఉన్నప్పుడే చూసుకుని తెచ్చుకోవడం ఉత్తమం.

దీనికి గట్టి కారణం ఒకటి ఉంది. యూరప్‌లో శరదృతువులో దీనిలాగే ఊదా గులాబీ రంగులో పూసే కాల్చికమ్ అనే మొక్క ఉంది. చూపుకు కవల పిల్లల్లా ఉంటాయి. కానీ అందులో కాల్చిసిన్ అనే విషం ఉంది. మన కంచెల మీద పాకే అగ్నిశిఖ, అదే అడవినాభి, దాని దుంపలో ఉన్న విషమూ ఇదే. పువ్వు విప్పితే తేడా తెలుస్తుంది: కుంకుమపువ్వుకు కేసరాలు మూడు, కాల్చికమ్‌కు ఆరు. ఎండి పొడైపోయాక ఆ లెక్కపెట్టడం ఎవరి తరమూ కాదు. ముక్కూ మొహం తెలియని అంగడి నుంచి రేకుల పొడి కొని తినవద్దని అందుకే చెబుతున్నాను.


జవాబు 8: లలిత (శ్రీనగర్)

పన్నెండు రోజుల తర్వాత రాస్తున్నాను. ఆలస్యానికి క్షమించండి, చెప్పడానికి చాలా ఉంది.

మాస్టారూ, ఆ రోజు మీ మొదటి వాక్యం చదివి వెంటనే లేచి పరిచేశాను. ఫ్రిజ్‌లో ఉన్నవాటిలో కొన్ని అప్పటికే పాడయ్యాయి, ఏరి పారేశాను. మిగిలిన కిలో రేకులు ఎండాక తూచితే 120 గ్రాములు తేలాయి. సీసాలో పోసి మూత పెట్టి, కాంతి తగలకుండా గుడ్డ చుట్టాను. పొలంలో మందు ఏం వాడారో కూడా ఫోనులో కనుక్కున్నాను. నాటేటప్పుడు దుంపలను ఒకసారి మందునీళ్లలో ముంచారట, నాటి నాలుగేళ్లయింది, ఆ తర్వాత ఏమీ చల్లలేదన్నారు. ఆ చుట్టుపక్కల సిమెంటు దుమ్ము ఉంటుంది కాబట్టి కడగడం మాత్రం మానవద్దని ఆయనే చెప్పారు.

చిటికెడు వేసి కహ్వా కాచాను. వాసన పెద్దగా లేదు, ఎండుగడ్డి లాంటి చిన్న పరిమళం, చివర్లో కొద్దిగా వగరు. నిమ్మరసం వేస్తే రుచి కుదిరింది.

పెడన వారూ, ఊలు పోగులు చూశాను. పటిక పెట్టినది లేత ఆకుపచ్చకు వచ్చింది, తడి వేపాకు వెనకవైపు ఉండే రంగు. తుప్పు నీళ్లు పట్టించినది ముదురు బూడిదరంగు. పటిక లేకుండా ముంచినది అందమైన ఊదాలో వచ్చింది గానీ ఎండలో కట్టిన ముక్క ఆరో రోజుకే పాలిపోయింది. ఆకుపచ్చది పది రోజుల తర్వాత కూడా పెట్టెలోని ముక్కతో దాదాపు సమానంగా ఉంది. ఆ పోగులన్నిటినీ అట్టకు అతికించి ఉంచాను.

ఆ అట్టను, సీసాను, ఒక నిమ్మకాయను తీసుకుని నిన్న మళ్లీ పాంపోర్ వెళ్లాను. పూలు ఆఖరికి వచ్చాయి, ఆ రోజు కోసినవి నాలుగు బుట్టలే. ఇంటావిడ ముందు గిన్నెలో రేకుల నీళ్లు పోసి నిమ్మరసం పిండాను. నీలం గులాబీ అవుతుంటే ఆవిడ నా చేతిలోంచి గిన్నె తీసుకుని వెలుతురులోకి తీసుకెళ్లి చూసింది. పిల్లలందరినీ పిలిచింది. ఊలు పోగులను మాత్రం చాలాసేపు వేళ్లతో నలిపి చూసింది. ఈ రంగు ఉతికితే ఉంటుందా అని రెండుసార్లు అడిగింది. వాళ్ల చెల్లెలి ఇంట్లో శాలువల పని చేస్తారట.

ఒక గ్రాము ఎర్ర పోగుల కోసం నూట యాభై పూల దాకా విప్పాలి. కిలో కావాలంటే లక్షన్నర పైమాటే. ఆ పని అంతా ఆ ఆడవాళ్ల వేళ్ల మీద నడుస్తోంది. ఎప్పుడైనా ఈ రేకులకు ధర పలికితే అది ముందు వాళ్ల చేతికే రావాలని నా కోరిక. పాంపోర్‌లోనే వ్యవసాయ విశ్వవిద్యాలయం వారి కుంకుమపువ్వు పరిశోధన కేంద్రం ఉంది. వచ్చే వారం ఆవిడను వెంటబెట్టుకుని అక్కడికి వెళ్తున్నాను. ఎండబెట్టే పద్ధతి గురించి, మందు అవశేషాల పరీక్ష గురించి అడగాలి.

ఇక్కడి ఇళ్లలో చలికాలానికి వంకాయలు, సొరకాయలు తరిగి అటక మీద ఎండబెట్టుకుంటారు. నిన్న సాయంత్రం పూలు విప్పడం అయ్యాక ఆవిడ దుప్పటి చెంగులు ముడివేసి పాక వైపు కాకుండా మెట్లవైపు నడిచింది. వంకాయ ముక్కల పక్కన చాప పరిచి రేకులు పల్చగా ఆరబోసింది. నేను కేసరాలు ఏరుతూ కూర్చున్నాను.

పెడన వారూ, మీ చిరునామా విడిగా పంపండి. వంద గ్రాముల పొట్లం కట్టి ఉంచాను.